ఎరువు గాలి

దిగువగుంట పంచాయతీ, అంగారక గ్రహం. కార్యదర్శి దినచర్య.

లెక్కల నెల, మొదటి మంగళవారం

పంచాయతీ కార్యదర్శి ప్రతిరోజూ దినచర్య రాయాలని నిబంధన. ఎవరు చదువుతారన్నది మాత్రం ఏ నిబంధనలోనూ లేదు. పదో ఏడు నడుస్తున్న ఈ గుంటలో ఇంతవరకు ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. అందుకని నా కడుపుమంట ఇందులోనే రాసుకుంటాను. ఎవరికి నష్టం?

ఈ రోజు ఎగువగుంటలో అద్దపు కప్పు తెరిచారు. నిరుడు మచ్చలేని లెక్క అప్పజెప్పినందుకు పైఆఫీసువాళ్ళు ఇచ్చిన బహుమానం అది. ఎండ సూటిగా వాళ్ళ బీరపాదు మీద పడుతోంది. పువ్వులు పసుపు ముద్దల్లా ఉన్నాయి. మా గుంటలో పాదులకి ట్యూబులైటే సూర్యుడు. మా బీరకాయలు బొటనవేలంత కాసి అక్కడే ఆగిపోతాయి. పైగా వాళ్ళ పాదుకి వేసే ఎరువు మాది. మా చెత్తగుంతలో కుళ్ళబెట్టింది బుట్టలకెత్తి ఉట్టినే పంపుతాం. మేం పంపిన ఎరువుతో, వాళ్ళ ఎండలో కాసిన కాయ ఒకటి మాకు ప్రసాదంలా తిరిగొస్తుంది.

ఆ ఊరి కార్యదర్శి మా వదిన భ్రమరాంబ. మా ఆయన వీర్రాజుకి సొంత అక్క. ఆడపడుచు అర్ధమొగుడంటారు. పక్క పంచాయతీకి కార్యదర్శి కూడా అయితే ముప్పాతిక మొగుడు. అద్దపు కప్పు కింద ఆవిడ కొత్త చీర కట్టుకుని నిలబడితే, మా ఆయన చేతులు కట్టుకుని అలా చూస్తూనే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు సొరంగం పొడుగునా ఒకటే పాట: అక్క చిన్నప్పట్నుంచీ అంతే, లెక్కల్లో దిట్ట, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఉమ్మడి వంటగదిలో వంట చేసే మనిషికి లెక్కల గొప్పతనం ఏం తెలుసని అడిగాను. ఆ తరవాత ఇంటిదాకా మాట్లాడలేదు.

నిజం చెప్పాలంటే నాకు కుళ్ళు. రాసేశాను. ఇక ముందుకి పోదాం.

మా లెక్క రెండేళ్ళుగా వరుసగా వెనక్కి వచ్చింది. మూడోసారి కూడా వస్తే నిబంధన ప్రకారం మా పంచాయతీని పొరుగు పంచాయతీలో కలిపేస్తారు. అంటే ఎగువగుంటలో. మా పంపుగది మూసేసి, మా జనాన్ని వాళ్ళ వెనక సొరంగాల్లో సర్దుతారు. దిగువగుంట అనే పేరే ఉండదు. నేను వదినకి సహాయకురాలిని అవుతాను. ఆవిడ సభలో లెక్క అప్పజెబుతుంటే పక్కన నిలబడి గొంతు తడుపుకోవడానికి నీళ్ళందించాలి. అంతకంటే ముఖానికి తొడుగు లేకుండా బయటికి నడిచి వెళ్ళడం నయం.

లెక్కల నెల, మొదటి గురువారం

పొద్దున్నే చుక్కకూర మడుల కొలతలు, నీళ్ళ తొట్టెల కొలతలు తీసుకుని, చెవిటమ్మ దగ్గర కూర్చున్నాను.

ఇక్కడ లెక్కలు కాగితం మీద ఇవ్వకూడదు. మొదట వచ్చినవాళ్ళు కాగితాల్లో గాలి దాచారట. ఇక్కడ రూపాయి లేదు, గాలి, నీరు, కరెంటు, ఇవే రాబడి, ఇవే ఖర్చు. గాలి దాచడమంటే ఊపిరి దాచడమే. అప్పట్నుంచి కార్యదర్శి ఊరందరి ముందూ నిలబడి, ఏడాది లెక్కంతా సొంత మాటల్లో నోటితో అప్పజెప్పాలి. అది విని పద్దుల్లో సర్దే యంత్రం ఒకటి ప్రతి పంచాయతీకీ ఇచ్చారు. దాని అసలు పేరు శ్రవణి. మా జనం చెవిటమ్మ అంటారు. ఎందుకంటే అది మాట వింటుంది, మనం అన్నది వినదు.

సభకి ముందు దానికి కొంచెం అలవాటు చెయ్యాలి. గోంగూర మడి ఒకటి పెంచామని చెప్పాను. కాసేపు ఆలోచించి, గోంగూర ఎందుకు మడి కట్టుకుందని అడిగింది. దాంతో పొద్దున్నంతా మడి అంటే ఏమిటో చెప్పడానికే సరిపోయింది.

ఆ తరవాత అసలు చిక్కు దగ్గరికి వచ్చాను. గాలిని కడిగే యంత్రాలు మాకు మూడు. రెండింటికి కొన్న ఆధారం ఉంది. మూడోదానికి ఏమీ లేదు. రెండేళ్ళ కిందట ఆధారాలు అడగడం మొదలైనప్పట్నుంచీ పైఆఫీసు అడిగింది అదొక్కటే: మూడో యంత్రం ఎక్కడిది, కొన్నారా, చేసుకున్నారా, ఎవరైనా ఇచ్చారా. నేను ఈ ఉద్యోగంలో చేరేసరికే అది పంపుగదిలో తిరుగుతోంది. అది ఆగితే సాయంత్రానికల్లా ఊళ్ళో అందరికీ తలనొప్పులు మొదలవుతాయి. పిల్లలు నీరసంగా గోడకి ఆనుకుంటారు.

మా సర్పంచి అబ్బులుగారిని మళ్ళీ అడిగాను. ఆయన ఎప్పటిలాగే మీసం సవరించుకుని, అది మనదేనమ్మాయ్, ఎప్పట్నుంచో ఉంది, మనదేనని చెప్పెయ్ అన్నాడు. చెప్పెయ్యడానికి ఇదేమైనా పెళ్ళిసంబంధమా అని గొణుక్కుంటూ వచ్చేశాను.

లెక్కల నెల, రెండో మంగళవారం

ఎగువగుంట లెక్కల సభ. పొరుగు పంచాయతీ కార్యదర్శి వెళ్ళి వినాలి, తప్పు కనబడితే అక్కడే అభ్యంతరం చెప్పాలి. ఏటా వెళతాను, అక్క గొప్ప వినడానికి మా ఆయనా వెంట వస్తాడు. ఏటా ఏమీ దొరక్క మంట పెంచుకుని వస్తాను.

ఈసారి చెవులు రిక్కించి విన్నాను. వదిన చూసి చెప్పడానికి ఏమీ చేత పట్టుకోదు. చేతులు వెనక్కి పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పుకుపోతుంది. జనం పల్లీలు తింటూ తలలూపుతుంటారు. పల్లీలు కూడా అద్దపు కప్పు కింద కాసినవే. ఆవిడ చెప్పడం అయ్యాక వాళ్ళ చెవిటమ్మ పద్దులన్నీ వరసగా తిరిగి చదివింది. వ్యవసాయం ఖర్చుల దగ్గర ఒక మాట నా చెవిన పడింది.

"దిగువగుంటకు ఎరువు, ఒకటి. గత సంవత్సరముల వలెనే."

నేను ఉలిక్కిపడ్డాను. మాకు ఎరువా? వీళ్ళు ఇచ్చిందా? పాదులకి వేసుకునే ఎరువు మా దగ్గర్నుంచి బుట్టలు బుట్టలు మోసుకుపోయి, మాకే ఇచ్చినట్టు లెక్క చెబుతున్నారా? అదీ ఏటేటా?

ఒళ్ళంతా తేలికైపోయింది. దొరికింది. ఇన్నేళ్ళకి దొరికింది. లేచి నిలబడి, పైఆఫీసు నుంచి తెరమీద కూర్చున్న తనిఖీ అధికారి ముంతాజ్‌గారికి నమస్కారం పెట్టి, గొంతు చించుకుని చెప్పాను. దిగువగుంటకి ఎగువగుంట నుంచి పిడికెడు ఎరువు కూడా ఎన్నడూ రాలేదు, ఈ పద్దు అబద్ధం అని.

సభలో పల్లీలు నమిలే చప్పుడు ఆగిపోయింది. వదిన ముఖం పాలిపోయింది. ఏదో అనబోయి, మా ఆయనకేసి ఒకసారి చూసి, నోరు మూసుకుంది. ఆవిడ నోరు మూసుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. ముంతాజ్‌గారు అభ్యంతరం తీసుకున్నామని, దిగువగుంట సభలోగా తేల్చాలని, అప్పటిదాకా ఎగువగుంట లెక్కని ఆపుతున్నామని చెప్పింది.

తిరిగి వస్తూ సొరంగంలో పాడుకున్నాను. మా ఆయన నాకంటే పది అడుగులు వెనక నడిచాడు.

లెక్కల నెల, రెండో బుధవారం

పొద్దున్నే కుడుములు చేశాను. పండగేమీ కాదు, నా ఆనందం నాది. మా ఆయన ఒక్కటి కూడా ముట్టుకోకుండా వంటగదికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వదిన వచ్చింది. ఇంటికి కాదు, సరాసరి పంపుగదికి వెళ్ళిందని కబురొచ్చింది. కొంగు బిగించి వెళ్ళాను. మాటకి మాట అప్పజెప్పడానికి సిద్ధంగానే వెళ్ళాను. ఆవిడ మూడో యంత్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాని అడుగున రంగు గోరుతో గీకుతోంది. గీకిన చోట ఎగువగుంట ముద్ర బయటపడింది. ఏనుగు తల, కింద ఆ ఊరి పేరు.

"ఎరువంటే మొక్కలకేసేదొక్కటే అనుకున్నావేంటే మంగా" అంది, లేవకుండానే. "మా నాయనమ్మ పెళ్ళిళ్ళకెళ్ళాలంటే పక్కింటోళ్ళ కాసులపేరు ఎరువు తెచ్చుకునేది. పెట్టుకుని, వాడుకుని, మళ్ళీ ఇచ్చేసేది. ఇది నేను అలా ఇచ్చేను."

నేనూ ఆ ముద్ర దగ్గరికి వంగాను. మెల్లిగా చెప్పుకొచ్చింది. ఈ ఉద్యోగంలో చేరకముందు నేను పురిటికి పెద్దకేంద్రం ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో మా యంత్రం ఒకటి చెడిపోయిందట. అబ్బులుగారు రాత్రికి రాత్రే సొరంగంలో నడిచి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడట. యంత్రం కావాలి, ఊళ్ళో తెలిస్తే మాత్రం తలెత్తుకోలేనన్నాడట. వాళ్ళకి అదనంగా ఉన్నది ఇచ్చింది. ముద్ర మీద ఆయనే రంగు వేయించుకున్నాడు. చెడిపోయినదాని సంగతి కూడా అప్పుడే తెలిసింది. దాన్ని తరవాత బాగుచేయించారట, అదే ఇప్పటి రెండోది. ఎరువు తెచ్చింది మూడోది, ఈలోగా జనం పెరిగి అదీ అవసరమై ఇక్కడే ఉండిపోయింది.

"చెవిటమ్మకి ఎరువిచ్చేనని చెప్పేను. అది తీసుకెళ్ళి పాదులకేసే ఎరువులో కలిపేసింది. తరవాత నాకు తెలిసింది. దిద్దుదామని వెళ్ళి, దిద్దకుండానే వచ్చేసేను."

ఎందుకని అడిగాను.

"దిద్దితే యంత్రం మీ దగ్గరుందని పైవాళ్ళకి తెలుస్తుంది. పంచాయతీ సొత్తు బయటికి ఇవ్వకూడదని లాగేసుకుంటారు. మా తమ్ముడు పీల్చేది ఆ గాలే. నువ్వు పీల్చేదీ అదే. నా మచ్చలేని లెక్కలో మచ్చ మీరేనే."

రెండేళ్ళుగా నా లెక్క వెనక్కొస్తుంటే వేడుక చూస్తూ కూర్చున్నారా అని అడిగాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దదిగా వచ్చింది.

"అబ్బులు చెబుతాడనుకున్నాను. ఆయన చెప్పడు. నేను మాటిచ్చేను, చెప్పలేను. నువ్వు అడగవు. ఈ రెండేళ్ళలో ఒక్కసారి, వదినగారూ ఇదేంటండీ అని నా గుమ్మం ఎక్కేవా?"

ఎక్కలేదు. ఆవిడ గుమ్మం ఎక్కడమంటే ఆవిడ గొప్ప ఒప్పుకున్నట్టేనని ఎక్కలేదు.

ఆవిడ చీర దులుపుకుని లేచింది. అభ్యంతరం వెనక్కి తీసుకోమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "నీకేం తోస్తే అది చెయ్యి. యంత్రం మాత్రం ఆపనివ్వకు" అని వెళ్ళిపోయింది.

ఆ మనిషి మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తప్పు చేస్తూ దొరికింది గదా అని సంబరపడితే, ఆ తప్పులో కూడా ఆవిడే గొప్ప. నేను పీల్చే గాలికి కూడా ఆవిడ దయే దిక్కు. తప్పు చెయ్యడంలో అయినా నన్ను ఒక మెట్టు పైన ఉండనివ్వదా ఈవిడ?

లెక్కల నెల, రెండో శుక్రవారం

 అభ్యంతరం వెనక్కి తీసుకుంటే వదిన లెక్కకి మళ్ళీ మచ్చలేని ముద్ర పడుతుంది, మూడో యంత్రం ఎక్కడిదో చెప్పలేక మా ఊరు పోతుంది. వెనక్కి తీసుకోకపోతే వదిన లెక్క పోతుంది, యంత్రం పోతుంది, ఆ తరవాత మా ఊరూ పోతుంది. ఎటు చూసినా మా ఊరే పోతోంది.

అబ్బులుగారిని నిలదీశాను. పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా సర్పంచిగిరీలో ఊరికి ఊపిరి అడుక్కున్నానని ఎలా చెప్పనమ్మాయ్" అన్నాడు. తిట్టడానికి వెళ్ళినదాన్ని, మంచినీళ్ళిచ్చి వచ్చాను.

నిబంధన తీసి పది సార్లు విన్నాను. పంచాయతీ సొత్తును బయటివారికి అమ్మరాదు, దానమీయరాదు. అంతే ఉంది. అమ్మడం, దానం. ఆ రెండు మాటలే ఉన్నాయి. ఎరువు అన్న మాట లేదు. అది రాసినవాళ్ళు ఎన్నడూ పక్కింటి కాసులపేరు పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినవాళ్ళు కాదు కాబోలు.

దారి ఉంది. కానీ ఆ దారిన వెళ్ళాలంటే ఊరందరి ముందూ, మా ఆయన ముందూ, నా నోటితో నేనే చెప్పాలి, ఈ ఊరు పీల్చేది భ్రమరాంబ ఇచ్చిన గాలి అని. సరే, చూద్దాం.

లెక్కల నెల, మూడో మంగళవారం

మా సభ. జనం అందరూ వచ్చారు. కలిపేస్తారన్న పుకారు అప్పటికే పాకిపోయింది, కొందరు పెట్టెలు కూడా సర్దుకున్నారు. వదిన ఆఖరి వరసలో కూర్చుంది. పొరుగు కార్యదర్శి గనక ఆవిడా రావాలి.

నీళ్ళు, కరెంటు, చుక్కకూర, గోంగూర మడి, అన్నీ చెప్పాను. గాలి దగ్గరకి వచ్చేసరికి గొంతు ఆరిపోయింది. నీళ్ళందించేవాళ్ళు ఎవరూ లేరు.

"గాలియంత్రాలు మూడు. రెండు మావి. మూడోది ఎరువు" అన్నాను.

"మూడవ యంత్రము పాదులకు వేయబడినదా?" అంది చెవిటమ్మ.

జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. యంత్రం వేపు తిరిగి, ఊరు వినేలా చెప్పాను. ఎరువు అంటే రెండు ఉన్నాయి. ఒకటి నేలకి వేసేది, అది వేసినవాడికి తిరిగి రాదు. ఇంకొకటి అవసరానికి తెచ్చుకునేది, అది తిరిగి ఇవ్వాలి. ఎరువు సొమ్ము బరువు చేటని సామెత. మా ఊరు కొన్నేళ్ళుగా ఆ బరువు మోస్తోంది. ఎగువగుంట కార్యదర్శి భ్రమరాంబగారు ఇచ్చిన యంత్రం అది, మేం పీల్చే గాలి వాళ్ళ యంత్రం కడిగిన గాలి. ఆవిడ లెక్కలో చెప్పిన ఎరువు అదే. నా అభ్యంతరం తప్పు.

చివరి మూడు మాటలు చెప్పడానికి పట్టిన కష్టం నా పురిటినొప్పులకి పట్టలేదు. ముఖం కాలిపోయింది.  అబ్బులుగారు తల దించుకున్నాడు. మా ఆయన మాత్రం నాకేసే చూస్తున్నాడు, అద్దపు కప్పు కింద అక్కని చూసినట్టు. ఆ చూపు నాకు ఇన్నేళ్ళలో ఎన్నడూ దొరకలేదు, దొరికినప్పుడు సంతోషించే ఓపిక లేకపోయింది.

ముంతాజ్‌గారు తెరమీద ముందుకి వంగింది. "సొత్తు బయటికి అమ్మకూడదు, దానం ఇవ్వకూడదు. ఇది ఏదండీ కార్యదర్శిగారూ?"

"రెండూ కాదండి. అమ్మితే కొన్నవాళ్ళది. దానమిస్తే పుచ్చుకున్నవాళ్ళది. ఎరువిస్తే వస్తువు ఇచ్చినవాళ్ళదే, వాడుక మాత్రం మాది. ఆ మాట మా నోట్లో ఉంది, మీ పద్దుల్లో లేదు. అది మా తప్పు కాదు గదండీ."

ముంతాజ్‌గారు చాలాసేపు పక్కవాళ్ళతో మాట్లాడింది. ఆ తరవాత ఇచ్చినవాళ్ళు ఒప్పుకుంటారా అని అడిగింది. ఆఖరి వరసలోంచి వదిన లేచింది.

"ఆయ్, ఎరువే ఇచ్చేనండి."

"తిరిగి ఎప్పుడు కావాలి?"

"వాళ్ళకి సొంతది అమిరినప్పుడండి. తొందరేం లేదు."

కొత్త పద్దు తెరుస్తున్నామని, రెండు లెక్కలూ ఆ పద్దు కింద సరిచేసి తీసుకుంటామని చెప్పారు. చెవిటమ్మ మాట మార్చుకుని తిరిగి చదివింది: గాలియంత్రము ఒకటి, ఎరువు, తిరిగి ఇవ్వవలెను. పెట్టెలు సర్దుకున్నవాళ్ళు వాటిమీదే కూర్చుని చప్పట్లు కొట్టారు.

లెక్కల నెల, ఆఖరి సోమవారం

ముద్రలు వచ్చాయి. దిగువగుంటది మచ్చలేని లెక్క. ఎగువగుంటది సవరించిన లెక్క. ముద్ర తీసుకెళ్ళి పంపుగది తలుపు మీద అంటించాను, పైనుంచి వచ్చేవాళ్ళకి ముందు అదే కనబడేలా. ఈ ఏటి అద్దపు కప్పు మాకేనట.

ఆ ఆనందం మధ్యాహ్నం దాకా ఉంది. మధ్యాహ్నం గ్రహం మీద పంచాయతీలన్నింటికీ ఉత్తరువు వచ్చింది. ఇకపై ఇరుగుపొరుగు వాడుకకి ఇచ్చినవన్నీ ఎరువు అనే పద్దు కింద చూపాలి. ఈ మాట మొదట వాడినవారు ఎగువగుంట కార్యదర్శి శ్రీమతి భ్రమరాంబ, వారికి అభినందనలు.

నిలబడి చెప్పింది నేను. ముఖం కాల్చుకున్నది నేను. పేరు ఆవిడది. మా ఆయన ఆ ఉత్తరువుని వంటగదిలో రెండుసార్లు వినిపించాడు. రెండోసారి నేను మూకుడు నేలకేసి కొట్టాను. అంగారకం మీద మూకుడు నెమ్మదిగా పడుతుంది, కోపం కూడా సరిగా తీరదు.

కొత్త ఏడాది, మొదటి గురువారం

పొద్దున్న తలుపు తట్టిన చప్పుడు. చూస్తే వదిన. సొరంగమంతా ఎక్కి దిగి వచ్చిన ఆయాసం, చెంగు నడుముకి చుట్టి ఉంది, చంకలో బుట్ట. బుట్టలో నల్లటి ఎరువు.

ఏమిటిదని అడిగాను.

"నీ ఎరువు. మా చెవిటమ్మ కొత్త ఏటి లెక్క తెరిచింది. దిగువగుంట నుంచి ఎరువు, ఇన్ని బుట్టలు, తిరిగి ఇవ్వవలెను అంటోంది. ఏళ్ళ తరబడి తెచ్చుకున్నవన్నీ ఏకరువు పెట్టింది. కట్టకపోతే లెక్క ఆగిపోతుందంట."

నాకు అప్పుడు అర్థమైంది. చెవిటమ్మ కొత్త మాట నేర్చుకుంది, పాత మాట మరిచిపోయింది. ఎరువు అని ఎక్కడ వినబడితే అక్కడ బాకీ అనుకుంటోంది. పాదులకి వేసింది కూడా తిరిగి ఇవ్వాల్సిందేనంటోంది. ఇవన్నీ ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకునేవే, నేను వెళ్ళి మా చెవిటమ్మకి రెండు మాటలు చెబితే చాలు, వాళ్ళదీ దిద్దుకుంటుంది.

వదిన బుట్ట దించి, చీర చెంగుతో మొహం తుడుచుకుంది. అద్దపు కప్పు కింద మెరిసే మనిషి కాదు, మామూలుగా అలిసిన మనిషి. నా గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూస్తోంది. నాకు బాకీ పడ్డ వదిన. ఎన్నేళ్ళ కోరిక.

"ఇంకా ఎన్ని బుట్టలున్నాయి వదినగారూ?"

"చాలానే ఉన్నాయే. రోజూ ఒకటి తేవాలి."

లోపలికి రమ్మన్నాను. పీట వేశాను. కుడుములు పెట్టాను. రెండు తిని, ఉప్పు తక్కువైందంది. రేపు వచ్చేసరికి సరిచేస్తానన్నాను.

కార్యదర్శి లెక్కలో పొరపాటు గమనించిన వెంటనే దినచర్యలో రాయాలని నిబంధన. ఈ రోజు నేనేమీ గమనించలేదు.